జుట్టు వియ్యం

నేను మధ్యాహ్నం పూట నిద్రపోతున్నానంటే మా అత్తయ్య మొదట నమ్మలేదు. తలుపు సందులోంచి తొంగి చూసి, నిజమేనని తేలాక, కుక్కరు కూత వేస్తే లేస్తానేమోనని పొయ్యి కట్టేసిందట. ఆ పూట అన్నం పలుకుగా ఉంది. అయినా అందరం అదే తిన్నాం.

నిద్రంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. కళ్ళు మూస్తే ఒకటే కల. నిడదవోలు బడి వరండా. వెనక నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి నా తలకున్న ఆకుపచ్చ రుమాలు లాగేస్తుంది. పిల్లలందరూ ఒక్కసారి నవ్వుతారు. నేను రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని పరిగెడతాను. ఎంత పరిగెత్తినా ఆ వరండా అయిపోదు.

ఎనిమిదో ఏట నాకు పేనుకొరుకుడు వచ్చింది. రూపాయి బిళ్ళంత మచ్చతో మొదలై, ఏడాది తిరక్కుండా తలంతా నున్నగా చేసి పెట్టింది. కనుబొమలు మాత్రం దయతలిచి వదిలేసింది. అప్పటి నుంచి రుమాలు, ఆ తర్వాత స్కార్ఫు, కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేరాక విగ్గు. పెళ్ళిచూపుల్లో విషయం దాచకుండా చెబితే చలపతి అనే ఆ కుర్రాడు ఎక్కువసేపు ఆలోచించలేదు. ఇంట్లో విగ్గు చిరాకు అనిపిస్తే తీసి పక్కన పెట్టేసుకోమన్నాడు. ఆ మాటకే అతన్ని చేసుకున్నాను. అయినా కలలో మాత్రం నాకు ఎప్పుడూ ఎనిమిదేళ్ళే.

అలాంటిది, తలమీద కొత్త జుట్టు మొలిచాక ఆ కల రావడం మానేసింది. దాని బదులు ఇంకొకటి మొదలైంది. రెండు వైపులా నీళ్ళు, మధ్యలో సన్నటి రోడ్డు. నేను నడవడం లేదు, అయినా వెళుతున్నాను. పెద్ద ముక్కుల పక్షులు బద్ధకంగా రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. భుజానికి ఏదో బరువు, కానీ అలవాటైన బరువు. వేళ్ళకు చల్లగా చిల్లర తగులుతుంది. చేపల తట్టతో ఒకామె, రేడియో చెవికి ఆనించుకున్న ఒక ముసలాయన ఎదురవుతారు. వాళ్ళెవరో నాకు తెలియదు, కానీ వాళ్ళంటే నాకు ఇష్టం. గాలికి జడ ముందుకు వచ్చి పడితే వెనక్కి విసురుకుంటాను. ఎనిమిదో ఏట నుంచి జడ లేనిదానికి ఆ విసురు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. లేచేసరికి దిండు చొంగతో తడిసి ఉండేది, పెదాలమీద ఏదో పాట కూనిరాగం మిగిలి ఉండేది. అంత హాయి నేనెప్పుడూ ఎరగను.

ఈ జుట్టు మా ఆయన నాటింది. ఏలూరులో జుట్టు వ్యాపారం పాతదే. ఊరి చివర షెడ్లలో ఆడవాళ్ళు చిక్కు వెంట్రుకలు విడదీసి, కడిగి, పొడుగు చూసి కట్టలు కడతారు. అవి విగ్గులై ఎక్కడెక్కడికో వెళతాయి. అలా బాగుపడిన ఒక కంపెనీ చిన్న ప్రయోగశాల పెట్టి చలపతిని తీసుకుంది. ఒకరి తలలోంచి వెంట్రుక కుదురు తీసి, పళ్ళెంలో పెంచి, వందల కుదుళ్ళు చేసి, ఇంకొకరి తలలో నాటడం అతని పని. పెంచడం తొందరగానే వచ్చింది. నాటడమే రాలేదు. పరాయి కుదురు కనబడగానే ఒళ్ళు దాన్ని వెళ్ళగొట్టేది.

సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ, సంబంధం తప్పిపోయిందని చెప్పేవాడు. అచ్చం ఆడపిల్ల తండ్రిలాగే. జాతకాలు కుదరలేదా, అమ్మాయి నచ్చలేదన్నారా అని నేను ఏడిపించేదాన్ని. అలా చాలా సంబంధాలు తప్పిపోయాక, ఒకరోజు చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి లోపలికి వచ్చి, కుదిరిందన్నాడు.

"ఇన్నాళ్ళూ కుదుర్ని కుర్చీలాగా తీసుకెళ్ళి పెడుతున్నాను వకుళా. ముందు పరిచయం చెయ్యాలి. కుదురులో నరం ఉంది, చర్మంలో నరం ఉంది. ఆ రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే ఇంక ఒళ్ళు దాన్ని తరమదు."

అలా చెయ్యి పట్టించే రసం ఒకటి తయారుచేశాడు. ఆ రోజుల్లోనే ఇంకో చిన్న సంగతి కూడా అన్నం తింటూ చెప్పాడు. పళ్ళెంలో కుదుళ్ళు సన్నగా అదురుతాయట. వేరువేరు గదుల్లో పెట్టిన రెండు పళ్ళేలు ఒకే లయలో అదరడం చూశాడట. ఏలూరు కరెంటు సంగతి తెలిసిందే కదా అనుకుని స్టెబిలైజరు మార్పించాడు. అదురు ఆగలేదు. పని మాత్రం బాగానే సాగుతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

కుదుళ్ళు ఇచ్చినామె ఎవరో నాకు చెప్పలేదు. చెప్పకూడదన్నది కంపెనీ నియమం. బొటనవేలి గోరంత చర్మం ఇచ్చిందనీ, ఆ చోట బోడిగా ఉండకుండా పళ్ళెంలో పెరిగిన కుదుళ్ళే కొన్ని తిరిగి నాటారనీ, మిగతావి నా తలకు వచ్చాయనీ మాత్రం తెలుసు. మా అత్తయ్యకు అంతటితో తృప్తి కలగలేదు. ఎవరి జుట్టని కొడుకుని అడిగింది. మనిషిదే అన్నాడు. మనిషిదే సరే, ఏ మనుషులదని అడిగింది. అతను మజ్జిగ పోయమన్నాడు.

జుట్టు మామూలు కంటే తొందరగా పెరిగింది. మొదటిసారి మా అత్తయ్య పీట వేసి కూచోబెట్టి, గోరువెచ్చటి నువ్వుల నూనె మాడుకు పట్టించి, కుంకుడు పులుసుతో రుద్దిన రోజు నేను ఏడ్చాను. కంట్లో పులుసు పడిందని చెప్పాను. ఆవిడకు తెలుసు. జుట్టు ఏ మనుషులదన్న మాట ఆ రోజు నుంచి మళ్ళీ ఎత్తలేదు. కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటూ కూచుంటే, మెడమీద పడే ఆ తడి బరువుకే నాకు కళ్ళు మూతలు పడేవి.

కంపెనీ ఆ జుట్టుకు సిఫ్ అని పేరు పెట్టింది. పేరు చెప్పిన రోజు చలపతి నాకు దాని కథ కూడా చెప్పాడు. ఉత్తరాన మంచు దేశాల్లో పూర్వం ఒక దేవత ఉండేదట, సిఫ్. ఉరుముల దేవుడు థోర్‌కి భార్య. బంగారంలాంటి జుట్టు. లోకి అనే తుంటరి ఒకడు ఆమె నిద్రపోతుంటే ఆ జుట్టంతా కత్తిరించేశాడు. థోర్ వాడి మెడ పట్టుకుంటే, వాడు భూమి కింద ఉండే కమ్మరి మరుగుజ్జుల దగ్గరికి పరిగెత్తి, నిజం బంగారంతో జుట్టు చేయించి తెచ్చాడు. తలమీద పెట్టగానే అది వేళ్ళూనుకుని, మామూలు జుట్టులాగే పెరిగిందట. భార్యకు జుట్టు తెప్పించిన మొగుడి కథ కాబట్టి ఈ పేరు తనకు నచ్చిందన్నాడు. బల్లిని చూస్తే మంచమెక్కే మనిషి ఉరుముల దేవుడెలా అవుతాడని అడిగాను. నవ్వాడు కానీ, చెవులు ఎర్రబడ్డాయి.

ఆ పేరు వెనక కథను తెలుగులో ఒక పేజీ రాసిమ్మని కంపెనీవాళ్ళు నన్నే అడిగారు. దేశమంతా అమ్మబోతున్నారు, మొదటి జుట్టు నాదే, తెలుగు లెక్చరర్‌ని నేనే. కథ రాయడం ఎంతసేపు, కానీ అర్థం తెలియకుండా పేరు రాయడం నాకు చేతకాదు. హైదరాబాదులో నాకు పాఠం చెప్పిన నరహరి గారికి ఫోన్ చేశాను. ఆయన పాత భాషల్లో మునిగి తేలే మనిషి. బంగారమనో జుట్టనో అర్థం ఉండి ఉంటుందని నా ఊహ.

ఆయన కాసేపు నవ్వారు. ఆ పేరులో జుట్టు లేదన్నారు. బంగారమూ లేదన్నారు. ఆ బంగారు జుట్టంటే పండిన చేను అని కొందరు పండితులు ఊహించారు గానీ, పేరు సంగతి వేరట. ఆ పాత భాషలో సిఫ్యార్ అనే మాట ఉందట. పెళ్ళి వల్ల రెండు ఇళ్ళ మధ్య ఏర్పడే చుట్టరికం. రక్తం పంచుకుని పుట్టినవాళ్ళ మధ్య ఉండేది కాదు, పరాయివాళ్ళు అయినవాళ్ళు కావడం.

"మన భాషలో దానికి వేరే మాట వెతకక్కర్లేదమ్మా," అన్నారు. "సిఫ్ అంటే వియ్యం."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ రోజంతా పని చేసుకుంటూ సిఫ్, వియ్యం, సిఫ్, వియ్యం అని పైకే అనుకున్నాను. వియ్యమంటే ఇచ్చిపుచ్చుకోవడమనీ, వియ్యపురాళ్ళు వయసు చూడకుండా ఒకరినొకరు వదినా అనుకుంటారనీ పేజీ నిండా రాసి పంపాను. కంపెనీవాళ్ళకు నచ్చలేదు. వియ్యంకుళ్ళ గొడవ జుట్టు కొనేవాళ్ళకెందుకు, బంగారం, దేవత, భర్త ప్రేమ చాలన్నారు. వాళ్ళే వేరే పేజీ రాయించుకున్నారు.

ఆ వేసవిలో నాకు కైకలూరులో పరీక్షల డ్యూటీ పడింది. పొద్దున్నే ఏలూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నాను. ఊరు దాటి, చెరువులు మొదలై, రెండు వైపులా నీళ్ళు పరుచుకునేసరికి నాకు మెలకువలో ఉన్నానో నిద్రలో ఉన్నానో తెలియలేదు. ఈ రోడ్డు మీద నేను అంతకుముందు ఎన్నడూ ప్రయాణం చెయ్యలేదు. కానీ ముందు మలుపులో గుంట ఉందని తెలుసు, దాన్ని దాటేటప్పుడు ఒళ్ళు ముందే సర్దుకుంది. తర్వాతి స్టేజీలో చేపల తట్టతో ఒకామె ఎక్కుతుందని తెలుసు. ఎక్కింది. పెద్ద ముక్కుల పక్షులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నాకు భయం వేయలేదు, ఎన్నో ఏళ్ళ తర్వాత సొంతూరు వచ్చినట్టు గుండె నిండిపోయింది.

అప్పుడు కండక్టర్ నా దగ్గరికి వచ్చింది. ఖాకీ చొక్కా, భుజానికి సంచి, చేతిలో టికెట్ మిషన్. నాకంటే కాస్త చిన్నదే అయి ఉంటుంది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడి, ముఖం వాడిపోయి ఉంది. కైకలూరు అంటే ఇంకేదో ఊరికి టికెట్ కొట్టింది, సారీ చెప్పి మళ్ళీ కొట్టింది. గాలికి జడ ముందుకు పడితే వెనక్కి విసురుకుంది. ఆ విసురు నాది. ఆ జుట్టు నలుపు, చివర్న ఆ వంకీ, అన్నీ నావి. ఆమె కూడా నా జడను చూసింది. చూసి, పక్క సీటు కమ్మీ పట్టుకుంది.

"మేడమ్ గారూ, మీరు చిన్నప్పుడు ఆకుపచ్చ రుమాలు కట్టుకునేవారా అండి?" అని అడిగింది.

కైకలూరు బస్టాండులో బస్సు ఆగాక బెంచీమీద పక్కపక్కన కూచున్నాం. ఆమె పేరు సువార్త. ఏలూరు డిపో. జుట్టిచ్చింది తనేనని ఒప్పుకుంది. జుట్టే కదా, మళ్ళీ వస్తుందిలే అనుకుని ఇచ్చిందట. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ కల మొదలైంది. తను ఎన్నడూ చూడని బడి, ఎన్నడూ నడవని వరండా. పొద్దున డ్యూటీ చేసి మధ్యాహ్నం ఒరిగేది, రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని అరుస్తూ లేచేది. రాత్రీ అంతే. ప్రార్థన చేయించుకుంది, మాత్రలు మింగింది. నిద్ర పట్టకపోతే ఒక బాధ, పడితే ఇంకో బాధ.

"మొన్న చెట్టు కింద స్టేజీలో నిలబడే తూలిపోయానండి. ముసలాయన ఇంకా దిగుతున్నాడు, నేను చూసుకోకుండా రైట్ అనేశాను. డ్రైవర్ అద్దంలో చూశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆయన చక్రం కిందకెళ్ళిపోయేవాడు." నా జడ వైపు చూసి, "ఆ పాప మీరేనా అండి? నేనెన్నిసార్లు పరిగెట్టానో ఆ పాపతో. పాపం అనిపిస్తాదండి. కానీ నావల్ల అవ్వట్లేదు," అంది.

ఏడాదిగా ఆమె నిద్ర నేను పోతున్నాను. నా కల ఆమెకు పోయింది. హాయిగా దిండు తడుపుకుంటూ నేను పడుకున్న ప్రతి మధ్యాహ్నమూ ఆమె నా వరండాలో పరిగెడుతూనే ఉంది.

ఇంటికి వచ్చి చలపతికి అంతా చెప్పాను. మర్నాడు నా జడలోంచి ఒక కుదురు, సువార్త దగ్గరి నుంచి ఒక కుదురు తీసి, రెండు చోట్ల పెట్టి చూశాడు. ఒకటి ఏలూరులో, ఒకటి బెజవాడలో తెలిసినవాళ్ళ దగ్గర. రెండూ ఒకే లయలో అదిరాయి. ఒకే పళ్ళెంలో కలిసి పెరిగిన కుదుళ్ళు ఎంత దూరమైనా ఒకదాన్నొకటి వదలవని, అటూ ఇటూ నరాలను పట్టుకున్నాయి కాబట్టి నిద్రలోకి దారి పడిందని చెప్పాడు. స్టెబిలైజరు మార్పించిన రోజు గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. ఇంక కంపెనీ ఆ పళ్ళేల్లోంచే వేల మందికి నాటబోతోంది. ఒక్క నా కలకే అలా అయిపోయిన మనిషి వేల కలలు వస్తే ఏమవుతుందో ఇద్దరం పైకి అనలేదు.

కంపెనీలో మాట్లాడి వచ్చాక, రెండు దారులున్నాయన్నాడు. నా తలలో కుదుళ్ళన్నీ తీసేసి, పళ్ళేలు పారబోసి, అంతా మరిచిపోవడం ఒకటి. కంపెనీవాళ్ళు ఆ దారి వినడానికి కూడా ఇష్టపడలేదు. వాళ్ళు చెప్పింది రెండోది. తిరిగి నాటిన కుదుళ్ళ అదురు ఈపాటికి తలంతా పాకింది కాబట్టి, సువార్త తలలో కుదుళ్ళన్నిటినీ మందుతో మాడ్చేస్తే ఆవైపు కొస తెగిపోతుంది, ఇంక ఎవరి కలలూ ఆమె దాకా వెళ్ళవు.

"ఆమెకు మళ్ళీ జుట్టు వస్తుందా?" అని అడిగాను.

"రాదు," అన్నాడు. నేలవైపు చూస్తూ, "ఆమె ఒప్పుకుంది వకుళా. నిద్ర పడితే చాలు, జుట్టు పోతే పోయిందిలే అంది," అన్నాడు.

నాకు సంతోషం కలిగింది. దాచడం ఎందుకు, మొదట కలిగింది సంతోషమే. ఇంక నా జుట్టు నాకుంటుంది. ఆమెకు మంచి విగ్గు ఇప్పిద్దాం, నేను పెట్టుకోలేదా ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆమె పెద్దది, ఎవరు ఏడిపిస్తారనుకున్నాను. అద్దం ముందు కూచుని జడ విప్పుకుని, మళ్ళీ అల్లుకుని, మళ్ళీ విప్పుకున్నాను. ఈ జుట్టు ఇవ్వాలని నాకు లేదు. ముప్ఫై ఏళ్ళు దీనికోసం ఏడ్చాను. ఇస్తే జుట్టొక్కటే పోదు, వరండా మళ్ళీ నా దగ్గరికి వస్తుంది.

సువార్తకు కాస్త ఊరట ఇద్దామని పగలు పడుకోకుండా ఉండాలని చూశాను. కాఫీ తాగాను, పిల్లల పేపర్లు ముందేసుకున్నాను, లేచి తిరిగాను. మూడో మధ్యాహ్నం కిటికీ దగ్గర గాలి వీచింది, జుట్టు మెడమీద కదిలింది, ఇంక నా చేతుల్లో లేదు.

రెండు వైపులా నీళ్ళు. సన్నటి రోడ్డు. కానీ రోడ్డు పోనుపోను నున్నబడి, స్తంభాలు లేచి, బడి వరండా అయింది. నీళ్ళ మధ్యన వరండా. పక్షులు మెట్లమీద కూచుని ఉన్నాయి. ముందు ఎవరో పరిగెడుతున్నారు. ఖాకీ చొక్కా, ఎనిమిదేళ్ళ పిల్లంత మనిషి, తలకు ఆకుపచ్చ రుమాలు. భుజానికి సంచి వేలాడుతుంటే పరిగెత్తలేక రొప్పుతోంది. పాపం, ఆగమని చెబుదామని నేను వెనకే వెళ్ళాను. వెళుతుంటే నాకు హాయిగా ఉంది, కాళ్ళు నేలకు తగలడం లేదు. దగ్గరికి వెళ్ళాను. వెనక నుంచి ఒక చెయ్యి ఆ రుమాలు మీదకి చాచుకుంది. ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి ఎవరిదో నేను చూడలేదు. ఆ రోజు చూశాను. గాజులు నావి.

లేచాను. చెప్పులు కూడా వేసుకోకుండా ప్రయోగశాలకు వెళ్ళాను.

నా తలలోవే తీసెయ్యమని చెబితే చలపతి వాదించలేదు. అతని పదేళ్ళ పని అది. నా తలే అతని పనికి సాక్ష్యం, అది లేకపోతే అమ్మడానికి కంపెనీ దగ్గర ఏమీ ఉండదు. వెచ్చటి పెట్టె తలుపు తీసి, పళ్ళేలు ఒక్కొక్కటే బయటపెట్టాడు. చల్లగాలి తగిలాక కాసేపు అదిరి, ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అవన్నీ ఆగేదాకా నిలబడి చూశాడు. కంపెనీవాళ్ళు అతన్ని ఆ వారమే పొమ్మన్నారు. నేను సిఫ్ కథ విన్న రోజు చేసిన ఎకసెక్కం వెనక్కి తీసుకున్నానని చెప్పాను. అతను నవ్వడానికి ప్రయత్నించాడు.

సువార్తకు నేనే వెళ్ళి చెప్పాను. డిపో బయట టీ బండి దగ్గర నిలబడి ఉంది. విని, తాగబోతున్న టీ గ్లాసు దించింది.

"వద్దండి. నేను ఒప్పేసుకున్నాను కదండి. మీరు చిన్నప్పటి నుంచి పడ్డారు, నేను చూశాను కదండి దగ్గరుండి. నాకోసం మీరెందుకండి మళ్ళీ? నేను మీకేమవుతానని?"

పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పే నోటికి ఒక్క మాట రాలేదు. ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని బండిమీద పెట్టి, బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను.

కుదుళ్ళు నాటేటప్పటి కంటే తీసేటప్పుడు నొప్పి ఎక్కువ. చెయ్యి పట్టుకున్నది వదలనంటుంది. ప్రయోగశాల పోయింది కాబట్టి తెలిసిన చర్మ డాక్టరు దగ్గర, చలపతే సూది పట్టుకుని, నెలల తరబడి విడతలు విడతలుగా తీశాడు. ప్రతిసారీ మా అత్తయ్య పక్కన కూచుని నా పాదాలు పట్టుకునేది. ఆఖరి విడత అయ్యాక నా తలను తడిగుడ్డతో తుడిచి, ఎన్నడూ లేనిది, నెత్తిమీద ముద్దు పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే వరండా తిరిగి వచ్చింది. రుమాలు, నవ్వులు, అంతులేని పరుగు, అన్నీ ఎప్పటిలాగే. చెమటలు పట్టి లేచి కూచున్నాను. భయం వేసింది, ఏడుపు వచ్చింది. నీళ్ళు, పక్షులు, చేపల తట్ట ఆమె, ఇంక ఎప్పటికీ రారని తెలిసి ఇంకా ఏడ్చాను. ఆ రోజు ఏలూరులో ఎక్కడో ఒక ఇంట్లో సువార్త పడుకుని ఉంటుంది, ఆమెను ఎవరూ తరమడం లేదు. అది తలుచుకుని మొహం కడుక్కున్నాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం సువార్త మా ఇంటికి వచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసినట్టుంది, ఖాకీ చొక్కాలోనే ఉంది. గుమ్మంలో నా తల చూసి కళ్ళు దించుకుంది. నేను ఇంట్లో విగ్గు పెట్టుకోను. మా అత్తయ్య ముందుగదిలో సోఫా చూపించి కూచోమంది. కొల్లేరు చేపలు తెచ్చానంది సువార్త, మళ్ళీ మీరు తినరేమో అని నాలుక కరుచుకుంది. మేము తినమనీ, అయినా తెచ్చినందుకు సంతోషమనీ అత్తయ్య చెప్పింది. ఆ చేపలు ఏం చెయ్యాలా అని అందరం కాసేపు నవ్వుకున్నాం.

నేను మంచినీళ్ళు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి ఆమె నిద్రపోయింది. మాట మధ్యలోనే పోయిందట. తల సోఫా చేతిమీదకి వాలి, జడ నేలదాకా జారి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్ళ కింద గుంటలు ఇంకా పూర్తిగా పూడలేదు. మా అత్తయ్య లోపలి నుంచి తన దిండు తెచ్చి, తల మెల్లగా ఎత్తి, కింద పెట్టింది. నేను పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాను. ఆమె పెదాలు అప్పుడప్పుడూ కదులుతున్నాయి. ఏ స్టేజీలో ఉందో, ఎవరు ఎక్కుతున్నారో నాకు తెలియదు. తెలియకపోవడం కష్టంగా ఉంది. అయినా చూస్తూ కూచోవడం బాగుంది.

పక్కింటి శకుంతల గారు అప్పుడే తలుపు తోసుకుని వచ్చారు. నన్ను బోడితలతో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అడుగు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ చూపు నా తలమీద నుంచి నేలదాకా జారిన ఆ జడమీదకి, ఖాకీ చొక్కామీదకి, మళ్ళీ నా తలమీదకి వచ్చింది.

"ఎవరండీ?" అన్నారు.

నా చెయ్యి అలవాటుగా కొంగు దగ్గరికి వెళ్ళింది. ఎత్తుకోలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను.

"మా వదిన," అన్నాను. "నిద్రపోతోంది. మెల్లిగా మాట్లాడండి."